దిగినాడా?

మా అవ్వకు స్కాలర్‌షిప్ అంటే ఓడే. "విమానం నడిపినోని పేరు మీద ఓడ ఇచ్చేదేందిరా? దాంట్లో యాడికి పోతావు?" అంది. కోలారు కాలేజీకన్నాను. "ఆడ నీళ్ళే లేవు గదరా!" అంది.

మా ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తరవాతి రోజులవి. మాది బియ్యం అంగడి. రాళ్ళు ఏరడం తప్ప గనులతో నాకే సంబంధమూ లేదు. అయినా మా ఊరి పైలట్ పేరు మీద ఇచ్చే ఆ స్కాలర్‌షిప్ ఆ ఏడు నాకే వచ్చింది.

స్కూలు హాల్లో దాన్ని ఇచ్చేది ఆ పైలట్ తల్లి. వేదిక ఎక్కేముందు మా సారు నన్ను పక్కకు లాగి, "ఆయమ్మ ఒక మాట అడుగుతాది. జవాబు చెప్పొద్దు. దండం పెట్టి వచ్చేయ్" అన్నారు. జవాబు చెప్పకుండా నిలబడడం లెక్కల క్లాసులో నాకు అలవాటైన పనే.

మా ఊళ్ళో దిగడమంటే గనిలోకి పోవడం. ఎక్కినాడంటే ప్రాణాలతో బయటపడినట్టు. ఆమె భర్త గని కార్మికుడు. ఆ రెండు మాటల మధ్యే ఆమె కాపురమంతా గడిచింది. కొడుకు విమానం తిరిగిరాని రోజు గని ఆఫీసుకు ఫోనొస్తే, గుమాస్తా పరిగెత్తుకెళ్ళి చెప్పాడట: "మీవాడు ఇంగా దిగలేదంటమ్మా."

"ఇంగా దిగలేదా? అట్లయితే బాగుండాడు. కూచోప్పా, కాఫీ తాగి పో."

ఆయన కాఫీ తాగాడు, మాట మింగేశాడు. విమానమూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఆ మాటకు అసలు అర్థం తెలిసిన నాటి నుంచి, కనబడినవాళ్ళందరినీ ఆమె ఒకటే అడిగేది.

నన్నూ అడిగింది. కవరు నా చేతిలో పెట్టింది గాని వదల్లేదు. వేళ్ళు రాతిలా చల్లగా ఉన్నాయి. కళ్ళు నా తల మీదుగా హాలు కప్పును చూస్తున్నాయి.

"మావాడు దిగినాడా నాయనా?"

నా నోరు తెరుచుకుంది. ఏం చెప్పేవాణ్ణో నాకే తెలియదు. అప్పుడే ధన్‌మని ఒక దెబ్బ. కిటికీ అద్దాలు గలగలలాడాయి. గోడ మీది అతని ఫొటో ఒకసారి ఊగి నిలబడింది. గనిలో బండ పగిలినప్పుడల్లా ఇట్లాగే అదురుతుంది కాబట్టి ఎవరూ కదల్లేదు. నా అరికాళ్ళకు మాత్రం, బరువైనదేదో పైనుంచి వచ్చి నేల మీద ఆగినట్టనిపించింది.

ఆమె వంగి నేలకు అరచేయి ఆనించింది. "దిగినాడు" అంది. కవరు వదిలేసింది.

సభ అయ్యాక సారు, షిఫ్టు ముగించి పైకి వచ్చినవాళ్ళను అడిగారు, బండ యాడ పగిలిందని.

"ఈ దినం లోపల ఏమీ పగల్లేదు సామీ. మాకు సద్దే ఇనబళ్ళేదు."

ఆ రోజు నుంచి ఆమె ఎవరినీ ఆ మాట అడగలేదు. నేను మాత్రం మా ఊరికొచ్చే ముళబాగిలు బస్సు దిగేటప్పుడల్లా, నేలను కాలితో ఒకసారి తడిమి చూసుకుంటాను. వెనక నుంచి కండక్టరు అరుస్తాడు: "దిగినావా లేదా అప్పా?"

జవాబు చెప్పాలంటే ఇప్పటికీ నాకు భయమే.