ఖాడీ తరఫున మొదటి సంతకం

పర్వత్ పాటియాలో మా గది వెనకాలే ఖాడీ పారేది. ఖాడీ అంటే వాగే. కాకపోతే మా సూరత్ వాగుకు సొంత రంగంటూ ఉండదు, ఆ రోజు మిల్లుల్లో చీరలకు ఏ రంగు వేస్తే దానిదీ అదే రంగు. మా బాపు అలాంటి మిల్లు ఒకదాంట్లో పనిచేసేవాడు. రంగు తొట్లు కడిగి ఆ నీళ్లను కాలువలోకి వదలడం ఆయన పని. ఆ కాలువ వచ్చి ఖాడీలోనే కలిసేది. మా తిండి ఆ మిల్లు నుంచే వచ్చేది కాబట్టి ముక్కు మూసుకున్నామే తప్ప నోరు తెరవలేదు.

అమ్మకు మాత్రం ఏటా సద్దుల బతుకమ్మనాడు కడుపు మండేది. పొద్దంతా పూలు పేర్చి, సాయంత్రం ఆడి పాడి, చివరికి బతుకమ్మను ప్లాస్టిక్ టబ్బులో వదలాలి. "పారే నీళ్లల్ల పోవాల్సిన తల్లిని బట్టలు నానబెట్టే టబ్బుల ముంచుతున్న," అని గొణిగేది.

లాక్‌డౌన్‌లో మిల్లులు మూతపడ్డాయి. గల్లీలో సగం మంది నడిచి సొంత ఊళ్లకు పోయారు. బాపు మోకాళ్లు అంత దూరం నడిచేవి కావు, మేం ఉండిపోయాం. జీతం లేదు, పప్పు పలచబడింది. ఖాడీ మాత్రం తేటపడింది. ఒక పొద్దున అమ్మ నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లి చూపించింది. ఒడ్డు దగ్గర నీళ్ల అడుగున మట్టి కనిపిస్తోంది. "ఈసారి బతుకమ్మ గిండ్లనే," అంది. మేం పస్తులకు దగ్గరవుతుంటే అది బాగుపడుతోందని నాకు సంతోషమూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

నేనప్పుడు లా చదువుతున్నాను. క్లాసులన్నీ ఫోన్లోనే. ఉన్నది ఒకటే గది కాబట్టి ఇంటిల్లిపాదీ విద్యార్థులే. కొన్ని చోట్ల చట్టం నదిని మనిషిగా చూస్తుందని, దాని తరఫున మాట్లాడడానికి సంరక్షకుణ్ణి పెడుతుందని, నది చచ్చిపోతే ఒడ్డున ఉన్నవాళ్ల బతికే హక్కు కూడా కాగితం మీదే మిగులుతుందని ఒకరోజు మేడం చెప్పింది. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ నవ్వింది.

"తాతకు దగ్గులు నేర్పినట్టుంది. గంగమ్మ మనిషని వీళ్లకు గిప్పుడు ఎరుకైందా?"

బాపు నవ్వలేదు. "ఆ సంరక్షకుడు ఎవలైనా కావచ్చునా బిడ్డా?" అని అడిగాడు.

"దాని మంచి కోరేటోళ్లు ఎవలైనా," అన్నాను.

"అయితే నేను పనికిరాను. కంచే చేను మేసినట్టయితది."

మిల్లులు తెరిచారు. మళ్లీ కడుపునిండా తిన్నాం. బతుకమ్మ నాటికి ఖాడీ ఎర్రగా పారుతోంది. అయినా అమ్మ బతుకమ్మను ఎత్తుకుని ఒడ్డుదాకా వెళ్లింది. చాలాసేపు నిలబడి, అలాగే వెనక్కి తెచ్చి టబ్బులో వదిలింది. తిట్టినా బాగుండేదని బాపు ముఖమే చెప్పింది.

ఆ తర్వాతి వారం గల్లీ తరఫున మున్సిపాలిటీకి అర్జీ రాశాను. మిల్లు నీళ్లను శుభ్రం చేయకుండా వదలొద్దని, ఖాడీకీ మాకూ బతికే హక్కుందని. బాపు డ్యూటీ నుంచి వచ్చి, చేతులు తుడుచుకుని, అందరికంటే పైన సంతకం పెట్టాడు. పక్కనే హిందీలో వంకరటింకరగా ఒక ముక్క రాశాడు: ఈ నీళ్లు వదిలేది నేనే, పిలిస్తే వచ్చి చెప్తాను.

"బాపూ, నౌకరీ పోతది."

"పోనీ బిడ్డా. దానికి నోరు లేదు, నాకున్నది గదా."

ఆ క్షణంలో కలిగినంత ప్రేమ ఆయన మీద నాకు ఇంకెప్పుడూ కలగలేదు. ఆ ప్రేమతోనే మర్నాడు అర్జీని తిరగరాసి, బాపు పేరు లేకుండా, ఇల్లిల్లూ తిరిగి మళ్లీ సంతకాలు తీసుకున్నాను. సాక్షి లేని అర్జీ ఏమవుతుందో లా చదివేదాన్ని, నాకు తెలుసు. అదే అయింది, అర్జీ మూలన పడింది.

"నా పేరు అందరికంటే మీదనే ఉన్నది గదా?" అని బాపు నెలకోసారైనా అడిగేవాడు.

"మీదనే ఉంది బాపూ," అనేదాన్ని.

సాక్ష్యానికి పిలుస్తారని ఒక తెల్ల చొక్కా ఉతికించి పక్కన పెట్టుకున్నాడు. పండక్కి వేసుకోమన్నా వేసుకోడు.