ఎలుకలకు తగ్గింది

ఆత్మకూరు బస్టాండులో ఫ్యాన్లున్నాయి. గాలి మాత్రం వాటి సొంత వాడకానికే. ఉదయగిరి బస్సెక్కాక, తలకు కండువా చుట్టుకున్న పక్కసీటు పెద్దామె నేనేం పని చేస్తానని అడిగింది.

"వైరస్‌లోకి మంచి జన్యువును ఎక్కించి, క్యాన్సర్ మీదికి పంపుతామమ్మా," అన్నాను.

"జబ్బు మీదికి జబ్బును ఉసిగొల్పుతావా! ఎవురికన్నా తగ్గిందా?"

జుట్టు నెరిసేదాకా చేసిన పరిశోధనను ఒక్క మాటలో చెప్పాను.

"ఎలుకలకు."

ఆమె పడీపడీ నవ్వింది. కండువా జారింది. తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఆమె బత్తాయి వలిచి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది. ఇప్పటికీ ల్యాబులో ఎవరైనా ఫలితాలు బాగున్నాయంటే ముందు ఆ పులుపే గుర్తొస్తుంది.

"తిను నాయనా. నాదీ ఆ జబ్బే. ఎలకలైపోయినాయి గదా, ఇంక మనుషుల సంగతి చూడు. నాకోసరం మాత్రం తొందరపడబాక, నాకంత టైము లేదు."