ఆన్‌లైన్ అవ్వ

పంకజాక్షి ఎనిమిదేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. "చేస్తోంది" అనడం మన మర్యాద. పాకాలలో ఆమె ఉండే వీధిలో మాత్రం "ఇంకా సదవతానే ఉండాది" అంటారు. అందులో జాలి ఎంతో, వెక్కిరింతా అంతే. పొద్దున రైల్లో తిరుపతికి పోతుంది, సాయంత్రం రైల్లో తిరిగి వస్తుంది. యూనివర్సిటీలో ఆమె ఉద్యోగం పేరు ప్రాజెక్ట్ అసిస్టెంట్. ప్రాజెక్ట్ ఉన్నన్నాళ్లే ఆ పేరు కూడా ఉంటుంది. నీటి సంఘాల మీద ఒకటి, అంగన్‌వాడీల మీద ఒకటి, ఇలా నాలుగు ప్రాజెక్టుల కోసం ఎండనకా వాననకా ఊళ్లు తిరిగింది. రిపోర్టుల అట్టల మీద పేర్లు మాత్రం వేరేవాళ్లవి. అయినా నోరెత్తలేదు. ఆ ప్రాజెక్టులు నడిపేదీ, ఆమె థీసిస్ మీద గైడ్‌గా సంతకం పెట్టాల్సిందీ ఒక్క మనిషే, ప్రొఫెసర్ రఘునాథ్.

ఐదో ప్రాజెక్టు పేరు "డిజిటలీకరణ, సమాజం". తిరుపతి యూనివర్సిటీ, బెంగళూరులో ఒక పరిశోధనా సంస్థ, జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం, మూడూ కలిసి మొదలుపెట్టాయి. పల్లెల్లోకి ఫోనూ కంప్యూటరూ వచ్చాక మనుషుల బతుకులు ఎలా మారాయో తేల్చాలట. ప్రశ్నలు జర్మనీలో పుట్టి, బెంగళూరులో తెలుగులోకి మారి, ట్యాబ్‌లో ఎక్కి పంకజాక్షి చేతికొచ్చాయి. తెలుగు చేసిన మహానుభావుడెవరో గానీ పలమనేరు పక్క ఒక్క పూట కూడా తిరిగి ఉండడు. తిరిగి ఉంటే పదకొండో ప్రశ్న అలా రాసేవాడు కాదు.

"మీరు ఆన్‌లైన్‌లో ఉన్నారా?" అన్నది ఆ ప్రశ్న.

మన పల్లెల్లో ఆన్‌లైన్ అంటే ఇంటర్నెట్ కాదు, భూమి. "మాది ఆన్‌లైన్ అయింది" అని ఎవరైనా అన్నారంటే, వాళ్ల పొలం ప్రభుత్వ కంప్యూటర్లో వాళ్ల పేరు మీద ఎక్కిందని అర్థం. "ఇంకా కాలేదు" అన్నారంటే ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారని అర్థం. పంకజాక్షి కూడా రైతు ఇంట పుట్టిందే కాబట్టి రెండో ఇంట్లోనే తిరకాసు కనిపెట్టింది. గడప దిగీ దిగకముందే ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది.

"సార్, ఈ ప్రశ్న ఈడ భూమి సంగతి అనుకుంటా ఉండారు సార్. కొంచెం వివరించి అడగనా?"

"వద్దమ్మా. రెండు దేశాల్లో ఒకే ప్రశ్న అడగతా ఉండాం. నువ్వు ఒక ముక్క కలిపినా పోలిక చెడిపోతాది. రాసిండేది రాసినట్టు చదువు, చెప్పింది చెప్పినట్టు ట్యాబ్‌లో కొట్టు."

ఆమె అలాగే చేసింది. నాలుగు వందల పన్నెండు ఇళ్లలో చదివింది, కొట్టింది. తప్పని తెలిసి తప్పు పని ఇంత శ్రద్ధగా చేసిన మనిషిని నేనింకొకరిని చూడలేదు. ఆ అంకెల్లోంచే ఆమె థీసిస్‌లో ఐదో అధ్యాయం పుట్టింది. థీసిస్ గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. మార్చి ఆఖరుకి ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దని ఉత్తరం వచ్చింది. వేరే అంకెలు తెచ్చుకునే టైము లేదు.

అంకెలు చూసి జర్మనీవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అరవై దాటినవాళ్లలో నూటికి డెబ్బైమంది ఆన్‌లైన్‌లో ఉన్నారు. వాళ్ల దేశంలో పల్లె ముసలివాళ్లు కూడా అంతమంది ఆన్‌లైన్‌లో లేరట. అందరిలోకీ గొప్ప అంకె పలమనేరు దగ్గర పల్లెలో ఉండే చెంగమ్మది. వయసు డెబ్బైయొకటి. రోజుకు ఎన్ని గంటలు ఆన్‌లైన్‌కు వెచ్చిస్తారని అడిగితే, "పొద్దున ఎనిమిదికి పోతే సాయంత్రం నాలుగు దాకా కాసుకోని కూసునేదాన్ని పాపా" అంది. ట్యాబ్‌లో ఎనిమిది అని పడింది. ఎవరి సహాయం తీసుకుంటారంటే, "నాకెవురుండారు" అంది. "స్వయంగా" అని పడింది.

చెంగమ్మను కళ్లారా చూడాలని జర్మనీ ప్రొఫెసరమ్మ బయలుదేరింది. ఆ కబురు వచ్చిన రోజు రఘునాథ్ నవ్వుతూ, "వాళ్లొచ్చి పోనీమ్మా, సంతకం పెట్టేస్తా" అన్నారు. పంకజాక్షి ఇంటికి వచ్చి భర్త ధనశేఖర్‌తో చెప్పింది. అతనిది సైకిల్ అంగడి. పెద్దగా మాట్లాడే మనిషి కాడు.

"ఉండే మాట చెప్పేస్తే పోలేదా?" అన్నాడు.

"చెప్తే నా ఎనిమిదేండ్లు పోతాయి."

"చెప్పకపోతే?"

పంకజాక్షి కంచంలో అన్నం రెండు ముద్దలు తిని వదిలేసింది. చేయి కడుక్కుని లేచింది.

మార్చి రెండో వారంలో ప్రొఫెసరమ్మ, రఘునాథ్, పంకజాక్షి ముగ్గురూ కారులో బయలుదేరారు. ప్రొఫెసరమ్మ మంచి మనిషి, ఆ మంచితనమే పంకజాక్షిని మరింత ఇబ్బంది పెట్టింది. మొగిలి ఘాటు ఎక్కుతుండగా ఆవిడ అంకెల కాగితం ఒళ్లో పరుచుకుని, ఇంగ్లీషులో అడిగింది, "నిజం చెప్పండి, ఇవి చూసి మీకు ఆశ్చర్యం వేయలేదా?" ఇంతకన్నా మంచి అవకాశం రాదని పంకజాక్షికి తెలుసు. నోరు తెరిచింది. ముందు సీట్లోంచి రఘునాథ్ వెనక్కి తిరగకుండానే తెలుగులో అడిగారు, "పంకజాక్షీ, థీసిస్ బైండింగుకు ఇచ్చేసినావా?"

"ఇచ్చినాను సార్" అంది. ప్రొఫెసరమ్మతో, అవును, ఆశ్చర్యమే వేసింది అని చెప్పింది.

చెంగమ్మ పాల క్యాను కడుగుతూ ఉంది. తనను వెతుక్కుంటూ ఇంతమంది వచ్చారని కంగారుపడి, కొంగుతో మంచం తుడిచి కూర్చోబెట్టింది. ప్రొఫెసరమ్మ ఆమె చేతులు పట్టుకుని, ఆన్‌లైన్‌లో ఏం చేస్తారో చూపించమంది. పంకజాక్షి ఆ మాట తెలుగులో చెప్పింది. చెంగమ్మ లోపలికి పోయింది. ఫోను తెస్తుందని ప్రొఫెసరమ్మ ఎదురుచూస్తోంది. చెంగమ్మ మాత్రం ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి, అందులోని కాగితాన్ని బిడ్డను చూపినట్టు చూపించింది.

"ఇదో, ఇదే మా ఆన్‌లైన్. మా ఆయన పొయ్యేతలికి ఎకరా ముప్పై సెంట్లు వేరే వాళ్ల పేరుకి ఎక్కిపోయిండాది. తొమ్మిదేండ్లు తిరిగినా పాపా. పోతే సార్ లేడంటారు, ఉంటే సిస్టం లేదంటారు. ఆవుకు ఇంత గడ్డేసి పోయేదాన్ని, పొద్దుగూకినాక వచ్చేదాన్ని. ఒగ దినం కూడా ఎవురూ కూసోమని అనలా. పోయిన ఏడు నా పేరు ఎక్కింది. సూడు, చెంగమ్మ అని ఉండాదా?"

"ఉండాదవ్వా" అంది పంకజాక్షి.

ప్రొఫెసరమ్మ ఆత్రంగా ఆమె వైపు చూసింది. రఘునాథ్‌కు ప్రతి మాటా అర్థమైంది. ఆయన చూపు మెల్లగా గాట్లో కట్టేసిన ఆవు మీదికి తిప్పుకున్నారు.

పంకజాక్షి ఇంగ్లీషులో చెప్పింది. ఈ కాగితం ఆన్‌లైన్‌లోంచి వచ్చిందని, ఆన్‌లైన్ కోసం ఆమె రోజులకు రోజులు గడిపిందని, ఎవరి సాయమూ లేకుండా తన భూమిని తానే సాధించుకుందని చెప్పింది. మాట మాటకీ సాక్ష్యం ఉంది, ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ కలిపితే మాత్రం ఆ నేల మీద అంతకన్నా పెద్ద అబద్ధం ఉండదు. తన మీద తనకే రోత పుట్టింది.

ప్రొఫెసరమ్మ కళ్లు మెరిశాయి. అద్భుతం అంటూ గబగబా రాసుకుంది. లేచి వచ్చి చెంగమ్మను దగ్గరికి తీసుకుంది. చెంగమ్మకు ఏమీ అర్థం కాలేదు.

"ఏం సెప్పినావు పాపా? దొరసానమ్మ ఇంత సంతోషపడతా ఉండాదే" అని అడిగింది.

పంకజాక్షి నేల చూపులు చూసింది. "నువ్వు చెప్పిందేనవ్వా. తొమ్మిదేండ్లు నువ్వు పడిన కష్టమంతా చెప్పినాను."

చెంగమ్మ కాగితాన్ని మడత చెడకుండా కవరులో పెట్టుకుంది.

"మా ఊర్లోనే ఎవురూ వినలేదు పాపా. అంత దూరం నుంచి వచ్చిన మనిషి విన్నాది. నువ్వు ఉండబట్టే ఇదంతా ఆమెకు అర్థమయింది. నీ మేలు మర్చిపోలేను."

రెండు చేతులూ ఎత్తి పంకజాక్షికి మొక్కింది. ఈమె అదిరిపడి ఆ చేతులు పట్టుకుని కిందికి దించబోయింది. అప్పటికే రఘునాథ్ ఫోను పైకెత్తి పట్టుకున్నారు.

"దించొద్దమ్మా, అట్లే పట్టుకో. రిపోర్టు అట్ట మీదికి బాగుంటాది. ఈసారి నీ పేరు కూడా వేస్తాము" అన్నారు.

పంకజాక్షి ఆ చేతులు అట్లాగే పట్టుకుని నిలబడింది.