తండా లెక్కలో ఆరుగురు ఎక్కువ

1974. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్న కాలం. విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ కోర్సు కొత్తగా పెడుతున్నారు. ఆ శాఖలో నేను ట్యాబులేషన్ క్లర్కును. అంటే, ఇంటింటికీ తిరిగి నింపుకొచ్చిన ఫారాలను పట్టికలుగా వేసేవాణ్ణి. సంగారెడ్డిలో మా అన్న కిరాణా కొట్టులో నేర్చిన కూడికలే నా చదువు.

శాఖ నడిపే మేడమ్‌ది కోస్తా. “పరదేశపు పుస్తకాల్లోని కుటుంబం ఇక్కడ లేదండీ. తండావాళ్లు ఒకరినొకరు ఎలా చూసుకుంటారో తెలుసుకుని, దాన్నుంచే పాఠాలు రాద్దాం” అనేవారు. అందుకని విద్యార్థులు గుమ్మడిదల దగ్గర ఒక లంబాడీ తండాలో నలభై ఒక్క ఇళ్లు తిరిగారు.

ఇళ్లవారీగా కూడితే రెండు వందల ముగ్గురు. పేర్లు విడిగా రాసుకుంటే నూట తొంభై ఏడుగురే. వెతికితే దొరికింది. భర్త పోయిన సోమ్లి పిల్లలిద్దరి పేర్లు ఆమె ఫారంలోనే కాక, మరో మూడిళ్ల ఫారాల్లోనూ ఉన్నాయి. విద్యార్థుల పొరపాటనుకుని ఆ మూడు చోట్లా ఎర్రసిరాతో కొట్టేశాను. లెక్క కుదిరింది. హాయిగా టీ తాగాను.

పది రోజులకు ఒక విద్యార్థి నివేదిక టైపుకు పోతూ నా బల్ల మీద ఆగింది. సోమ్లి పగలంతా షెడ్ల దగ్గర సిమెంటు మోస్తుందట. పిల్లల్ని చూసేవాళ్లు తండాలో ఎవరూ లేరట. ఆధారం నా పట్టిక. వాళ్లను ఉంచుకోవడానికి నగరంలోని అనాథాశ్రమం ఒప్పుకుంది, గురువారం తీసుకుపోతారు. నేను చదివింది మంగళవారం.

కుర్చీలో కూర్చోలేకపోయాను. కొట్టేసిన పేర్ల దగ్గరికే చూపు పోయేది. బుధవారం పొద్దున్నే బస్సెక్కాను.

సోమ్లి గుడిసె ముందు పిల్లల బట్టలు ఉతికి మూట కట్టి ఉన్నాయి. “కాయితం వచ్చిందట గద సారూ” అంది, నా వైపు చూడకుండా.

పక్కింటి ముసలామె మంగ్లి అడ్డొచ్చింది. “ఎవ్వరు లేరని ఎవరు చెప్పిన్రు? పొద్దుగాల నా ఇంట్ల తింటరు. పగటీలి బువ్వ మా మరిది ఇంట్ల. సోమ్లికి పనికాడ పొద్దువోయి ఆలిశమైతే మా తండా పెద్ద నాయక్ ఇంట్లనే పంటరు. మీ పోరగాళ్లు అడిగితే గదే చెప్పినం.”

“ఒక్కరు నాలుగిండ్లల్ల ఎట్ల ఉంటరమ్మా?”

“ఎందుకుండరు? నువ్వు ఒక్కింట్లనే పెరిగినవా?”

“కొట్టేసింది నేనే” అన్నాను.

“మరి నువ్వే పెట్టు మల్ల. జల్దీ పో.”

మధ్యాహ్నానికి కొట్టేసిన పేర్లు మళ్లీ రాసి, మేడమ్ ముందు నాలుగు ఫారాలూ పరిచి, మంగ్లి మాటలు చెప్పాను. ఆమె ఒక్కో ఫారంలో ఆ పేర్ల మీద వేలు పెట్టి చూశారు. “మొత్తం తప్పుతుంది కదండీ. కోర్సును ఆమోదించే బోర్డువాళ్లు అడిగితే?”

“అడగనివ్వండి మేడమ్. వాళ్లకు నేను చెప్తా.”

ఆమె ఆశ్రమానికి అప్పుడే ఫోన్ చేసి, పిల్లలు రారని చెప్పారు. ఫీల్డ్ వర్క్‌కు, అంటే ఊళ్లో తిరిగి నేర్చుకునే చదువుకు, మొదటి పాఠంగా ఒక ప్రశ్న రాశారు: ఈ బిడ్డ ఏయే ఇళ్ల బిడ్డ? ఆ పాఠం చెప్పడానికి మంగ్లినే పిలిపించారు. డిగ్రీ లేదని బోర్డు ఆమె పేరు పాఠాలు చెప్పేవాళ్ల జాబితాలో ఎక్కనివ్వలేదు. అది నన్ను ఇంకా కుదురుగా ఉండనివ్వదు.

కూడిక సరిపోవడం వేరు, నిజం కావడం వేరని నాకు ఆ పట్టికే నేర్పింది. తరువాత ఏ ఫారంలోనూ అడక్కుండా పేరు కొట్టేయలేదు. ఆ తండా పట్టికలో మొత్తం ఇప్పటికీ రెండు వందల ముగ్గురే.