ఎలోయీనా గెలిచిన నీలం

ఎలోయీనా పుట్టినిల్లు నీలం, మెట్టినిల్లు ఎరుపు. కామగ్వే చెరకు మైదానాల్లోని ఆ ఊళ్ళో ప్రతి మనిషీ ఈ రెండు పక్షాల్లో ఏదో ఒకదాంట్లో ఉండి తీరాలి. మధ్యలో ఉంటానన్నవాణ్ణి పెళ్ళి విందుకు కూడా పిలవరు. చెరకు నరుకుడు అయిపోయాక వచ్చే పండగలో రెండు పక్షాలూ గుర్రాల మీదా, ఆటలోనూ తలపడతాయి గానీ అసలు లెక్క పాటల పోటీదే. పక్షాలు కలిసిన పెళ్ళిలో బిడ్డ పుడితే, ఆ ఏడు పాటలో గెలిచినవాళ్ళ రిబ్బను ఉయ్యాలకి కడతారు. ఇక చచ్చేదాకా ఆ బిడ్డ ఆ పక్షమే.

ఎలోయీనా కన్నప్పుడల్లా ఎరుపే గెలిచింది. ముగ్గురు కొడుకులూ మెడకు ఎర్ర రుమాళ్ళు చుట్టుకుని తల్లినే ఆటపట్టించేవాళ్ళు. మొగుడు రూపెర్తో నల్లచిక్కుళ్ళ అన్నం తింటూ ముసిముసిగా నవ్వేవాడు. ఆవిడా పైకి నవ్వేది, లోపల కడుపు రగిలిపోయేది. కన్నది తను, పెంచింది తను, తన రంగువాళ్ళు ఒక్కరూ లేరు. ఈ ఏడు ఆడపిల్ల పుట్టింది. ఇదే ఆఖరు కాన్పని మంత్రసాని తేల్చి చెప్పింది.

ఆ ఊరి పాటకు పాత కట్టుబాటు ఒకటుంది. ప్రతి పాటా తన రంగుని దేనితోనైనా పోల్చాలి, ఒకసారి వేదికెక్కిన పోలిక మళ్ళీ ఎక్కకూడదు. ముందు వరసలో సెఫెరీనో తాత చేతికర్రతో కూర్చుంటాడు. ముత్తాతల నాటి పాటలు కూడా ఆయనకి కంఠతా వచ్చు. పాత పోలిక వినబడితే కర్ర నేలకేసి కొడతాడు, పాడినవాడు దిగిపోతాడు. నీలానికి మొదటినుంచీ గొప్ప కవులుండేవారు, అదే కొంప ముంచింది. ఆకాశం, సముద్రం, మరియమాత పైవస్త్రం, ప్రియురాలి కళ్ళు, పావురం మెడ, దూరపు కొండ, పొద్దున్నే విచ్చే తీగపువ్వు అన్నీ వాళ్ళే పాడేసి, మనవలకి గుప్పెడు కూడా మిగల్చకుండా పోయారు. ఎరుపువాళ్ళు పిసినారులు, ఉన్నది పొదుపుగా వాడుకున్నారు.

పాటల పోటీనాటి ఆదివారం మధ్యాహ్నం నీలం పక్షపు గాయకుడు ఫుల్హేన్సియో గిటారు ఒళ్ళో పెట్టుకుని చతికిలబడ్డాడు.

"ఇంక నా వల్ల కాదు. నీలంలో పాడ్డానికేం మిగిలిందని?"

"లే, నే పాడతా," అంది ఎలోయీనా, చంకలో పిల్లని పక్కావిడకి అందిస్తూ.

ఎరుపు గాయకుడు మరెవరో కాదు, రూపెర్తో అన్న మెలితోన్. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ఎర్ర రుమాలు, నూనె రాసిన మీసం. మరదల్ని వేదిక మీద చూసి పొంగిపోయాడు.

"ఏం మరదలా, పొయ్యి మీద కూర మాడిపోతుందేమో చూసుకోకూడదూ?"

"మాడితే మీ తమ్ముడు తింటాడు బావా. ముందు మీరు కానివ్వండి."

మెలితోన్ కోడిపుంజు తురాయి ఎరుపుని ఎత్తుకుని దర్జాగా పాడాడు. తాత కర్ర కదల్లేదు. తర్వాత ఆనవాయితీ ప్రకారం ఎదుటివాళ్ళ పాటకి ఆఖరి పాదం ఇవ్వాలి, ఆ పాదంతోనే పాట ముగించాలి. దొరికిందే సందని మెలితోన్ వెక్కిరిస్తూ ఇచ్చాడు: "ఎక్కడుందో ఆ నీలం."

ఎరుపు వరసలన్నీ గొల్లుమన్నాయి. ఎలోయీనా వాళ్ళకేసి చూసింది. పండగని అందరూ తెల్ల చొక్కాల్లో ధగధగలాడుతున్నారు. ఆవిడకి నవ్వొచ్చింది. ఏటి ఒడ్డున బట్టలు జాడిస్తూ పాడుకునే వరసే ఎత్తుకుంది.

"ఉతికితే పోయేది మురికే,
ఉతికితే రాదయ్యా తెలుపు.
ఆఖరి తొట్టిలో నీళ్ళకి
నీలిమందు మూట తగలాలి,
నీళ్ళలో మబ్బల్లే విరియాలి,
గుడ్డలో కరిగి దాగాలి.
ఎర్రోళ్ళ వీపుల మీదుంది,
మెడ చుట్టూ, రొమ్ముల మీదుంది.
మీ ఇల్లాళ్ళనడుగు బావా,
ఎక్కడుందో ఆ నీలం."

మొదట నవ్వింది నీలంవాళ్ళు కాదు, ఎరుపువాళ్ళ పెళ్ళాలు. మెలితోన్ భార్య అయితే చేతుల్లో మొహం దాచుకుని ఊగిపోయింది. మగవాళ్ళు చొక్కా కాలర్లు తడుముకున్నారు. అందరి కళ్ళూ సెఫెరీనో తాత మీదికి మళ్ళాయి. ఆయన కళ్ళు మూసుకుని పాత పాటలన్నీ ఒక్కొక్కటే వెతికాడు. మెల్లిగా కర్ర తీసి గోడకి చేరవేశాడు.

"ఇంతమంది మహానుభావులు పాడారు గానీ, ఒక్కడూ బట్టలుతికినవాడు కాదు," అన్నాడు.

ఇప్పుడు పాదం ఇచ్చే వంతు ఎలోయీనాది. "చెప్పు బావా నీ ఎరుపు," అని తేలిగ్గానే ఇచ్చింది. మెలితోన్‌కి కాలర్ మీంచి చెయ్యి రావడం లేదు, బుర్రలోంచి తొట్టీ పోవడం లేదు. నోరు తెరిస్తే మళ్ళీ కోడిపుంజు తురాయే వచ్చింది. తాత గోడనున్న కర్ర అందుకుని నేలకేసి ఒక్కటి కొట్టాడు.

ఓడిన గాయకుడే రిబ్బను కట్టాలి. మెలితోన్ తమ్ముడి గడపలో మోకాళ్ళ మీద కూర్చుని, ఉయ్యాల కొయ్యకి నీలం రిబ్బను చుట్టాడు. ముగ్గురు పిల్లలూ మూతులు ముడుచుకుని చూస్తున్నారు.

"గట్టిగా కట్టనా, వదులుగానా?"

"గట్టిగా బావా. ముడి మీద ముడి వెయ్యండి."

వేశాడు. ఎలోయీనా వంగి ముడి లాగి చూసింది, ఊడలేదు. సంతోషం పట్టలేక అక్కడే ఏడ్చేసింది. రూపెర్తో తన ఎర్ర రుమాలు విప్పి కళ్ళు తుడుచుకోమని ఇచ్చాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో నీలంవాళ్ళు ఇద్దరయ్యారు.