టపాసులకు ఉలికిపడని పాప

వేలూరు సత్తువాచారిలో మా వీధి మలుపున అర్ధరాత్రి టపాసులు పేలడానికి పండుగ అక్కరలేదు. ఎవరిదో ఒకరి పుట్టినరోజయితే చాలు. మోటారు సైకిలు సీటు మీద కేకు పెట్టి, తేదీ మారగానే సరవెడి అంటిస్తారు. సరవెడి అంటే వీధి పొడవునా పరిచే టపాసుల దండ. పెళ్ళి ఊరేగింపుకూ అదే, చావు ఊరేగింపుకూ అదే, క్రికెట్‌లో గెలిచినా అదే. నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పొద్దున మొదటి తరగతి నాదే. కాబట్టి ఈ విషయంలో నేను నిష్పాక్షికురాలినని చెప్పుకోలేను.

అయినా, ఒప్పుకోదగిన మాటను ఒప్పుకోవాలనే చూస్తాను. పొగకు దోమలు చస్తాయని పక్కింటావిడ అంటే, ఆ రాత్రంతా దోమతెర ఎత్తి పడుకున్నాను. ఆ మాట నిజం కాదని తెల్లవారేసరికి నా చేతులే చెప్పాయి. పోలీసులకు ఫిర్యాదు ఇద్దామని ఫోనులో శబ్దం కొలిచే ఆప్ ఒకటి పెట్టుకున్నాను. చిన్న టపాసుకూ పెద్ద టపాసుకూ అది ఒకే అంకె చూపించింది. మాటలు వినడానికి చేసిన మైకు పేలుడును కొలవలేదని అర్థమై, ఆ అంకెను ఫిర్యాదులో రాయలేదు. అంకె లేని ఫిర్యాదును ఎవరూ పట్టించుకోలేదు.

టపాసుల మీద నాకున్నది అంతవరకు ఒట్టి చిరాకే. అది భయంగా మారింది గుడియాత్తంలో, మా చెల్లెలి ఇంట్లో.

చెల్లెలి అత్తగారిది నేత ఇల్లు. ముందుగదిలో గుంత మగ్గం ఉంది. మరిది నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకొని, పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా లుంగీలు నేస్తాడు. మగ్గం పైభాగాన్ని వేలాడదీసిన దూలానికే, కాస్త ఇవతలగా, పాపకు చీర ఉయ్యాల కట్టారు. పాపకు అప్పుడు ఐదో నెల. సెలవులు కలిసొస్తే నేను కాట్పాడిలో రైలెక్కి పాపను చూడడానికి వెళ్ళేదాన్ని.

ఆ రాత్రి కూడా వీధిలో ఎవరిదో పుట్టినరోజే. దండను సరిగ్గా మా కిటికీ కింద అంటించారు. నేను చాప మీంచి లేచి కూర్చున్నాను. పిల్లి ఎగిరి మగ్గం గుంతలో దూరింది. మరిది లుంగీ బిగించుకుంటూ బయటికి పోయి ఎవరితోనో అరవసాగాడు. చెల్లెలు ఉయ్యాల దగ్గరికి పరుగెత్తి చీర మడత తీసి చూసింది. పాప నోరు కొంచెం తెరుచుకొని నిద్రపోతూనే ఉంది.

"చూస్తివామ్మా, మా పాప ధైర్యం," అంది అత్త, దిండుకు ఆనుకొని. "మగ్గం ఇంటి బిడ్డ. కడుపులో ఉండంగానే దబదబా అని విన్నాది. దీనికి పటాసు ఒక లెక్కా? భయపడేదంతా మీ ఊరోళ్ళే."

నేనూ నవ్వాను. అంతలో దండ చివరన ఉండే పెద్ద టపాసులు పేలాయి. నా కళ్ళు అప్పటికి పాప మీదే ఉన్నాయి. నిద్రలో ఉన్న పసిబిడ్డ మేలుకోకపోవచ్చు. కానీ అంత చప్పుడుకు రెప్పలు బిగుసుకోవాలి, వేళ్ళు విచ్చుకోవాలి. నిద్ర చెడకపోయినా ఒళ్ళు ఉలికిపడుతుంది. పాప ముఖంలో ఏ కదలికా లేదు. కిటికీ అద్దం అదిరింది గాని పాప అదరలేదు.

ఆ తరువాత వీధి సద్దుమణిగింది. అందరూ పడుకున్నారు. నేను పడుకోలేదు.

పొద్దున కాఫీ తాగుతూ, వీలైనంత మామూలుగా చెల్లెలిని అడిగాను, పాప చెవులు ఎవరికైనా చూపించారా అని.

"ఎందుకక్కా?"

"రాత్రి కొంచెం కూడా ఉలికిపడలేదు గదా."

"ఇదేనమ్మా మీ అక్కతో తంటా," అంది అత్త. "దేవుడే ఎదురుగా వచ్చి నిలబడినా ఆధార్ కార్డు చూపించు అంటాది."

మరిది మాత్రం నా మాటను పట్టించుకున్నాడు. "వినిపిస్తాది వదినా. నేనే చూపిస్తా, ఇట్లా కూర్చోండి," అని మగ్గంలోకి దిగాడు. పాపను ఉయ్యాలలో వేసి, నేయడం మొదలుపెట్టాడు. పోగును బిగగొట్టే పలక దెబ్బ పడుతున్నంతసేపూ పాప కళ్ళు మూతలు పడుతూ వచ్చాయి. బాగా నిద్ర పట్టాక అతను చటుక్కున ఆపాడు. పాప కదిలింది, మూలిగింది, కళ్ళు తెరిచింది. మళ్ళీ నేశాడు, మళ్ళీ కళ్ళు మూసింది. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది. మగ్గం ఆగితే పాప లేస్తుంది కాబట్టి పాపకు వినిపిస్తున్నట్టే. అవ్వ మాటలకు కిలకిలమంటుంది, తనలో తాను ఊకొడుతుంది. ఇంకేం కావాలి?

మంచి పరీక్షే. నేను కూడా కాసేపు నమ్మాను, నమ్మాలనే ఉంది కాబట్టి. చెవులు పనిచేయని బిడ్డలు కూడా మొదటి నెలల్లో ఊకొడతారని చదివిన గుర్తును పక్కకు నెట్టాను. ఉయ్యాల ఊపుదామని చీర మీద చెయ్యి వేశాను. మరిది నేస్తూనే ఉన్నాడు. ప్రతి దెబ్బా చీరలోంచి నా అరచేతికి తగులుతూ ఉంది. దూలం అదురుతోంది, దూలం నుంచి చీర, చీర నుంచి పాప. ఆ నిద్రకు చెవులతో పనే లేదు.



"పాపను కొంచెంసేపు నాకివ్వు," అన్నాను చెల్లెలితో. పెరట్లో బావిగట్టు దగ్గరికి తీసుకుపోయి, ఒడిలో కూర్చోబెట్టుకున్నాను. లోపలి మగ్గం చప్పుడు అక్కడికి బాగానే వినిపిస్తుంది కాని నేల అదరదు. మరిదిని నేయమన్నాను, ఆపమన్నాను. పాప నా గాజును నోట్లో పెట్టుకొని చప్పరిస్తూ ఉంది. మగ్గం సాగినా ఆగినా గాజు మీదే ధ్యాస.

చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏం చేస్తా ఉండావక్కా? నా బిడ్డ ఏమన్నా మీ ల్యాబులో ఎలుకనా?"

 అత్త కోపంగానే స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చింది, నా నోరు మూయించడానికి. ముందు పళ్ళేన్ని పాప ఎదురుగా ఎత్తింది. పాప ఆమె ముఖం చూసి నవ్వింది. నీడ పడకుండా, గాలి తగలకుండా, వెనక నిలబడి కొట్టమన్నాను. కొట్టింది. పక్కింటి గోడ మీది కాకులు లేచిపోయాయి. పాప గాజు చప్పరిస్తూనే ఉంది.

అత్త చేతిలోని గరిటె కిందికి దిగింది.  మగ్గం కూడా ఆగిపోయింది.

"మళ్ళీ కొట్టు అత్తా," అంది చెల్లెలు.

మళ్ళీ కొట్టింది. ఆ తరువాత చెల్లెలు వచ్చి పాపను నా ఒడిలోంచి తీసుకొని లోపలికి పోయింది.

నా పరీక్షలో లోపాలు చాలా ఉన్నాయి. బిడ్డ గాజుతో ఆడుతోంది. జలుబు ఉండి ఉండవచ్చు. అలవాటైన చప్పుడును పట్టించుకోకపోయి ఉండవచ్చు. ఒక్కొక్క లోపాన్నీ తలుపు బయట నిలబడి చెల్లెలికి వివరించాను. నేను చేసిన ఒక పరీక్ష తప్పని తేలాలని నేను కోరుకోవడం అదే మొదటిసారి.

వేలూరులో డాక్టరును చూడడానికి రోజు దొరికేలోపు ఆ ఇంట్లో కారణాల వెతుకులాట మొదలైంది. చెల్లెలు కడుపుతో ఉన్నప్పుడు గుమ్మం ముందు చావు ఊరేగింపు టపాసులు పేలాయని అత్త అంది. మగ్గం చప్పుడే పాప చెవులను తినేసిందని మరిదికి అనుమానం పట్టుకుంది; పాప ఇంట్లో ఉన్నంతసేపూ నేత మానేశాడు. అప్పుడు పాప నిద్రపోక ఏడ్చింది. చెల్లెలు రాత్రి ఫోను చేసింది.

"మగ్గం వల్లనా అక్కా?"

"తెలియదు."

"టపాసుల వల్లనా?"

"తెలియదమ్మా."

నేను ఇవ్వగలిగిన నిజమైన జవాబు అదొక్కటే. అది ఎవరికీ ఆసరా కాలేదు. ఆ రోజుల్లో మా వీధిలో దండ పేలినప్పుడల్లా, చెవులు మూసుకోవడానికి బదులు, గుడియాత్తంలో కూడా ఇప్పుడు పేలుతోందా, పేలితే పాప కదిలిందా అని ఆలోచిస్తూ పడుకునేదాన్ని.

ఆసుపత్రిలో పాప తలకు తీగలు అంటించి పరీక్ష చేయాలన్నారు. బిడ్డ నిద్రపోతేనే చేయగలమన్నారు. ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, మా ఊపిరి మాకు వినిపించింది. పాప నిద్రపోలేదు. పాలిచ్చినా, ఊపినా, భుజాన వేసుకొని తిరిగినా కళ్ళు విప్పార్చి చూస్తూనే ఉంది. మందు ఇవ్వవలసి వస్తుందేమో అంటున్నారు. అప్పుడు మరిది మంచం పక్కన నేల మీద కూర్చొని, మంచం కోడును పిడికిలితో తట్టడం మొదలుపెట్టాడు. రెండు దెబ్బలు, చిన్న విరామం, మళ్ళీ రెండు దెబ్బలు. అది లుంగీ నేసే తాళం. పాప రెప్పలు వాలాయి. అతను తల వంచుకొని తడుతూనే ఉన్నాడు. కన్నీళ్ళు ఎవరికీ కనిపించకూడదని కాబోలు. పరీక్ష మొదలయ్యేటప్పుడు వాళ్ళే మెల్లగా అతని చెయ్యి పట్టుకొని ఆపారు. పాప అప్పటికి గాఢనిద్రలో ఉంది.

రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువని తేలింది. పూర్తిగా లేకపోలేదు. ముందు చెవి యంత్రాలు పెట్టి చూద్దామన్నారు. చాలకపోతే శస్త్రచికిత్స మాట తరువాత. కారణం అడిగితే, చాలాసార్లు తెలియదని డాక్టరు కూడా అన్నారు. చెల్లెలు నా వైపు చూసింది.

యంత్రాలు పెట్టించుకున్న రోజు పొద్దుపోవడంతో ముగ్గురూ సత్తువాచారిలో మా ఇంట్లోనే ఉండిపోయారు. పాప కొత్త చోట నిద్రపోకుండా, చెల్లెలి ఒడిలో ఆడుతూ ఉంది. యంత్రాలు చెవులకే ఉన్నాయి. నిద్రకు ముందు తీసి డబ్బాలో పెట్టాలి. అప్పుడు వీధిలో ఒకే ఒక్క టపాసు పేలింది.

పాప పెదవి వణికింది. ముఖం ముడుచుకొని, గట్టిగా ఏడ్చింది.

"ఏడ్చినాది," అంది చెల్లెలు. "అక్కా, ఏడ్చినాది గదా? దానికే గదా?"

కిటికీ మూసి ఉంది, మెరుపు కనిపించే వీలు లేదు. పక్కన మగ్గం లేదు. కానీ పాప తల్లి ఒడిలో ఉంది. "నువ్వు ఉలికిపడ్డావా?" అని అడిగాను.

చెల్లెలు ఆలోచించింది. "తెలీదక్కా. పడింటానేమో."

తల్లి ఉలికిపడితే ఒడిలోని బిడ్డకు ఆ కుదుపు తెలుస్తుంది. దూలమూ చీరా చేసిన పనినే ఆమె ఒళ్ళు చేసి ఉండవచ్చు.

"ఇంకొకటి కాల్చమని చెప్పి వచ్చేదా వదినా?" అన్నాడు మరిది. సగం ఎగతాళిగానే అన్నాడు గాని, చెప్పులు వేసుకోవడానికి సిద్ధంగానే ఉన్నాడు.

చెల్లెలు అప్పుడే పాపను పరుపు మీద పడుకోబెట్టి, చేతులు దూరంగా తీసింది. "అందరూ కదలకుండా ఉండండి. ఇంకొకటి ఎట్లైనా పేలుస్తారు. చూద్దాం."

ఇంకో రోజైతే నేనే ఆ మాట అనేదాన్ని. కానీ తరువాత పేలేది దండ, అదీ కిటికీకి అంత దగ్గర. మిగిలిన ఆ కొంచెం వినికిడికి యంత్రాల్లోంచి అంత చప్పుడు ఏం చేస్తుందో నాకు తెలియదు. తెలియని దాన్ని పాప చెవుల మీద తెలుసుకోలేను. వంగి, యంత్రాలు రెండూ తీసి డబ్బాలో పెట్టాను.

"మరి విన్నాదా లేదా ఎట్ల తెలిసేది?" అంది చెల్లెలు, నా మీద విసుక్కుంటూ.

"పొద్దున చిన్న గిన్నెతో చూద్దాం."

దండ పేలింది. చాలాసేపు పేలింది. మరిది నేల మీద కూర్చొని పరుపు అంచును తడుతూ ఉంటే పాప నిద్రపోయింది. మేము మాత్రం ఏ గిన్నె తీసుకోవాలి, ఎంత దూరంలో కొట్టాలి అని మాట్లాడుకుంటూ మేలుకొని ఉన్నాం.

పొద్దున యంత్రాలు పెట్టి, పాపను మధ్యగదిలో కూర్చోబెట్టి చుట్టూ దిండ్లు పెట్టాం. ఎవరూ ముట్టుకోలేదు. చెల్లెలు వెనక కుడివైపున నిలబడి, చెంచాతో గిన్నెను మెల్లగా కొట్టింది. పాప చేతిలోని బొమ్మ ఆగింది. తల తిప్పింది, కానీ ఎడమవైపుకు. అక్కడ ఏమీ కనబడక, గోడను చూస్తూ ఉండిపోయింది.

చెల్లెలు చెంచా దించకుండా నా వైపు తిరిగింది. చప్పుడు విని దిక్కు తెలియక తిరిగిందో, ఊరికే తిరిగిందో ఒక్కసారితో తేలదు.

"మళ్ళీ కొట్టు," అన్నాను.