కార్తెల వరుస

"నేను నాటింది శతభిషం కార్తెలో. పక్క చేను పోశన్న నాటింది పూర్వాభాద్రలో. అతనికి ముందు కోత ఆర్డరు, నాకు వెనకా? ఇదేం పద్ధతమ్మా?"

"లిస్టు మిషిన్ తీసింది రావుగారూ."

"చెరకు నాటింది మిషినా? అవతల తోట పూతకొచ్చింది. ఇంకో ఇరవై రోజులాగితే బెండుబారిపోద్ది!"

గోడకు ఇవతల జీతాల గదిలో కూర్చున్న దేవిదాస్‌కు తగాదా మాట పొల్లుపోకుండా వినబడుతోంది. అరుస్తున్నది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డ రైతు రామకోటేశ్వరరావు. ఆ అరుపులు పడుతున్నది చెరకు సెక్షన్ గుమాస్తా శారమ్మ. వర్ని రోడ్డు మీది ఆ చిన్న ప్రైవేటు చక్కెర మిల్లులో కంప్యూటర్ ఎరిగినవాడు దేవిదాస్ ఒక్కడే. నిజామాబాద్‌లో డిగ్రీ సగంలో వదిలేసి వచ్చి రెండేళ్లయింది.

నిరుడు, తొంభై ఏడులో, మేనేజర్ శారమ్మతో ముక్కుసూటిగా అనేశాడు: వచ్చే సీజన్‌కు కోత లిస్టు కంప్యూటర్ మీద తీస్తే ఈ కుర్చీ, లేకపోతే కాంటా దగ్గర ఎండలో నిలబడటమే. నలభై ఆరేళ్ల మనిషి దూరవిద్యలో డేటాబేస్ కోర్సుకు ఫీజు కట్టింది. పాఠాలు పోస్టులో వచ్చేవి. ప్రాక్టికల్స్ మాత్రం ఆదివారం, నిజామాబాద్‌లో. మెథడిస్టు చర్చిలో పాటలయ్యేదాకా ఉండి, ప్రసంగం మొదలవగానే చెప్పులు చేతబట్టుకుని వెనక తలుపులోంచి బస్సుకు పరుగెత్తేది.

దేవిదాస్‌కు అదంతా కాగితాల చదువనిపించేది. "పుస్తకం సూసి ఈత నేర్సుకుంటవా అక్కా?" అన్నాడొకసారి.

"నువ్వు కాలేజీల మునిగొచ్చినోనివి గద, నీకే ఎర్క," అంది శారమ్మ, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

రావు విసవిసా వెళ్లిపోయాక దేవిదాస్ లేచి ఆమె గదిలోకి వెళ్లాడు. శారమ్మ పాత రిజిస్టరు ముందేసుకుని ఒక్కో పేరూ సరిచూస్తోంది. ఊరు, ఎకరాలు, నాటిన కార్తె, అన్నీ సరిగ్గానే ఎక్కించింది. తప్పెక్కడుందో తెలియక మళ్లీ మొదటి పేజీకి తిప్పింది.

రిజిస్టరులో కార్తెకొక భాగం. దేవిదాస్ పేజీలు తిప్పి ఆగాడు.

"ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర. గిదేనా వరుస?"

"గది గూడ ఎర్కలేదా? సేను మొగం సూసినవా ఎన్నడన్న?"

"సూడలే. ఇప్పుడెర్కైంది. మరి దానికెవరు చెప్పిండ్రు?" అని కంప్యూటర్ వైపు చూపించాడు. "అది ఇంగ్లీషు అక్షరాల లెక్కన పేర్చింది. పూర్వాభాద్ర ముందలికొచ్చె, శతభిషం ఎన్కకు పాయె."

ఇరవై రెండేళ్లుగా ఆ వరుస పేజీ తిప్పడంలోనే ఉంది. ఏ కార్తె ముందో రాసిపెట్టాలని ఎవరికీ తోచలేదు, అవసరమూ పడలేదు.

"లే అక్కా, పది నిమిషాల్ల సక్కజేస్త," అంటూ అతను కీబోర్డు మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని తీసి పక్కన పెట్టింది. కొత్త గడి తెరిచి, కార్తెకొక వరుస అంకె వేసి, తప్పులు కొట్టి దిద్దుతూ గంటన్నర కూర్చుంది. ప్రింటరు గరగరలాడుతూ లిస్టు కక్కింది. డెబ్బై నాలుగో పేరుగా ఉన్న రావు నలభై ఒకటికి వచ్చాడు.

"మేనేజర్‌కు మిషిన్ ఖరాబైందని చెప్పు," అన్నాడు దేవిదాస్. "ఎవ్వనికి తెల్వది."

శారమ్మ కాగితాన్ని మడతపెట్టింది.

"ఆర్డర్లు పంచిన తమ్మీ. ఆర్డరందిన పూర్వాభాద్రోళ్లు పదకొండు మంది ఎల్లుండి కోతోళ్లను తోటల దించుతరు. పొద్దుగాల నీ లూనా మీద నన్ను ఇంటింటికి తీస్కపో. ఆర్డర్లు వాపస్ అడగాలె. పోశన్న తిడ్తడు, తిట్టనియ్. తప్పు నాదని నేనే చెప్త. నువ్వు మాత్రం నడుమల దూరి మిషిన్ మీదికి తొయ్యకు. నా పక్కన నిలబడు, గంతే."